ఎగరని విమానం ముక్క

నేను ప్రార్థనలో పెరిగినవాణ్ని. మా నాన్న కాకినాడ దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి పెద్ద. దేవుణ్ని నమ్ముతాను, దేవదూతలనూ నమ్ముతాను. దయ్యాల కబుర్లు మాత్రం చిన్నప్పటి నుంచీ నాకు గిట్టవు. ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ని. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

2000ల మధ్యలో మేము రియాద్‌లో ఉండేవాళ్లం. నా భార్య మేరీ ఆసుపత్రిలో నర్సు. నేను ఊరి శివారు సులైలో ఒక యార్డులో పనిచేసేవాణ్ని. రిఫైనరీ కొలుముల్లో వాడే గొట్టాలకు వెల్డింగు సరిగ్గా పడిందో లేదో ఎక్స్‌రే లాంటి ఫిల్ము తీసి చూడటం మా పని. అందుకు వాడేది గోరంత అణుధార్మిక లోహపు ముక్క. దాన్ని సోర్సు అంటాం. బరువైన పెట్టెలో ఉన్నంతసేపు దానితో భయం లేదు. బయట ఉన్నప్పుడు దగ్గరికి వెళ్తే మనిషికి నొప్పి తెలియదు, వేడీ తెలియదు. కొన్నాళ్లకు చేతులు పుండ్లు పడి పోతాయి. ప్రాణం కూడా పోవచ్చు.

మా కంపెనీకి సలహాదారుగా ఒక అమెరికా పెద్దాయన ఉండేవారు. డెబ్బై దాటాయి. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఎర్రగా కాలే లోహం ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ విద్య ఆయనకు ఎక్కడ అబ్బిందో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పారు. కుర్రతనంలో ఆయన అణుశక్తితో ఎగిరే విమానం కోసం పనిచేశారట. విమానం కడుపులో అణు కొలిమి. గాలి ఆ కొలిమిలోంచి దూసుకెళ్లి, వేడెక్కి, వెనక నుంచి తన్నుకుంటూ బయటికి రావాలి. ఆ వేడికి కరగకూడదు, అదురుకు పగలకూడదు, అయినా ఎగిరేంత తేలికగా ఉండాలి. అలాంటి పదార్థం కోసం ఏళ్ల తరబడి వందల ముక్కలను కాల్చారు, లాగారు, విరిచారు.

నా అసిస్టెంటు మల్లేశంది జగిత్యాల దగ్గరి ఊరు. నేను తెలుగులో చెబుతుంటే నోరు తెరిచి విన్నాడు.

"అంటే పెట్రోలే పొయ్యద్దా? మన వ్యానుకు గూడ ఒకటి పెట్టుమను అన్నా. సేటు ఖుషీ అయితడు."

పెద్దసారుకు ఆ మాట చెబితే పగలబడి నవ్వారు. "పెట్టొచ్చు. కానీ మల్లేశం చావకుండా ఉండాలంటే మధ్యలో సీసం గోడ కట్టాలి. ఆ గోడకే వ్యాను నిండిపోతుంది. అతను నడిచి రావాలి" అన్నారు. విమానానికీ అదే అడ్డం వచ్చిందట. అది ఎగరలేదు. పని ఆపేయమని కబురొచ్చిన రోజు కూడా పొయ్యిలో ఒక ముక్క పరీక్షలో ఉందట. ఆ పరీక్ష ముగిసేదాకా ఆయన ఇంటికి వెళ్లలేదట.

ఫలం చూడకుండా పోతామని తెలిసీ నమ్మకంగా పనిచేసినవాళ్ల గురించి బైబిలు వాక్యంలో చదువుకున్నాను. అలాంటి మనిషిని కళ్లతో చూసింది మాత్రం అక్కడే.

ఆ రోజుల గుర్తుగా ఆయన జేబులో ఒక తెల్లటి పింగాణీ గొట్టం ఉండేది. ఆరు పలకలది, వేలెడు పొడవు. ఆ కొలిమి కోసం చేసిన నమూనా, అణు ఇంధనం ఎన్నడూ తగలనిది. దాంతో లోహం మీద కొడితే గాజు గిన్నె మోగినట్టు సన్నగా మోగేది. యార్డులో ఏదైనా అనుమానం వస్తే దగ్గరున్న పైపు మీద మూడుసార్లు కొట్టేవారు. ఆ చప్పుడు వింటే ఎవరైనా సరే ఉన్నచోటే ఆగిపోవాలి. సోర్సు కిరణాలను కొలిచే మీటరును మళ్లీ పరీక్షించాలి.

ఆయన నేర్పిన ముఖ్యమైన పాఠం మీటరు గురించే. సోర్సు దాగిన పెట్టె కూడా కాస్త ఊపిరి వదులుతుంది, కొద్దిపాటి కిరణాలు బయటికి వస్తాయి. దాని పక్కన పెడితే మంచి మీటరు ముల్లు కొంచెమైనా కదలాలి. కదలకపోతే చచ్చింది మీటరే. అందుకని పొద్దున్నే పని మొదలుపెట్టకముందే మీటరును పెట్టె పక్కన పెట్టి చూడాలి.

ఒక గురువారం పొద్దున నేను చూడలేదు.

పెద్దసారు అప్పటికి ఎనిమిది రోజులుగా మేరీ వార్డులోనే ఉన్నారు. మెదడులో రక్తస్రావం. మూడు రోజులుగా స్పృహ లేదు. గురువారం ఒంటిపూట పని కాబట్టి త్వరగా ముగించి ఆయన్ని చూడటానికి వెళ్లాలనుకున్నాను. ఆయన్ని చూడాలనే తొందరలో ఆయన చెప్పిందే మరిచాను.

చివరి ఫిల్ము అయింది. దూరం నుంచి హ్యాండిల్ తిప్పి, తీగ కొనకున్న సోర్సును రబ్బరు గొట్టంలోంచి పెట్టెలోకి లాగాను. ఎన్ని చుట్లు బయటికి తిప్పానో అన్ని చుట్లూ లోపలికి లెక్క సరిపోయింది. మీటరు సున్నా చూపించింది.

మల్లేశం అప్పటికే హద్దుగా కట్టిన తాడు దాటాడు. పదిహేను రోజుల్లో వాడి ప్రయాణం. ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పడింది. పుట్టి రెండేళ్లయిన కూతుర్ని మొదటిసారి చూడబోతున్నాడు. "ఫిల్ము నేనే ఇప్పుత అన్నా. ఖల్లీ వల్లీ, ఏం గాదు, జల్ది పోదాం" అంటూ నడుస్తున్నాడు.

అప్పుడు వినిపించింది. టింగ్. టింగ్. టింగ్.

మల్లేశం అడుగు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, "పెద్దసారొచ్చిండా?" అన్నాడు.

ఎవరూ లేరు. యార్డులో మేమిద్దరమే. గాలి లేదు. గేటు మూసి ఉంది. ఆ నిశ్శబ్దంలోనే పక్క మసీదు నుంచి మధ్యాహ్నపు నమాజుకు పిలిచే జొహర్ అజాన్ మొదలైంది.

"వెనక్కి రా" అన్నాను.

గేటు బయట వ్యానులో మా రెండో పెట్టె ఉంది. మీటరును దాని పక్కన పెట్టాను. సున్నా. పెట్టెకు ఆనించాను. సున్నా. మీటరు చచ్చిపోయింది. వ్యానులో ఉన్న ఇంకో మీటరు తీసి తాడు వైపు నాలుగడుగులు వేశానో లేదో, ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది.

తీగ కొన నుంచి సోర్సు ఊడిపోయి ఆ రబ్బరు గొట్టంలోనే ఉండిపోయింది. వెనక్కి వచ్చింది ఉత్త తీగ. మల్లేశం ఇంకో పది అడుగులు వేసి ఉంటే, ఫిల్ము విప్పబోయి రెండు చేతులతో ఆ గొట్టాన్నే పట్టుకునేవాడు.

కంపెనీ సేఫ్టీ ఆఫీసరు మనుషులతో వచ్చి, సీసం అడ్డుపెట్టి, పొడవాటి పటకారుతో దాన్ని పెట్టెలోకి చేర్చేసరికి సాయంత్రమైంది. పొద్దున మీటరు చూడలేదని ఆయన ముందు ఒప్పుకున్నాను. మల్లేశం పక్కకు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

అక్కణ్నుంచి ఆసుపత్రికి వెళ్లాను. నేనేమీ చెప్పకముందే మేరీ అంది: "ఏవండీ, ఇవాళ ఒక వింత జరిగింది. మధ్యాహ్నం ఆయనకు పక్క సర్దుతుంటే దిండు కింద ఆ తెల్ల గొట్టం కనిపించింది. పాపం ఎంతో ఇష్టం కదా అని చేతిలో పెట్టాను. మూడు రోజులుగా వేలు కూడా కదపని మనిషి, మంచం ఊచ మీద మూడుసార్లు కొట్టారండీ. డాక్టర్ని పిలిచేలోపే చెయ్యి వాలిపోయింది."

"ఎప్పుడు?"

"అజాన్‌కి కొంచెం ముందు."

సులై నుంచి ఆ ఆసుపత్రికి కారులో ముప్పావు గంట.

ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. ఆదివారం పోయారు.

తర్వాతి శుక్రవారం ఒకరింట్లో రహస్యంగా జరిగిన ప్రార్థన కూడికలో, బయటికి వినపడకుండా గొంతు తగ్గించి పాటలు పాడుకున్నాక జరిగింది సాక్ష్యంగా చెప్పాను. పాస్టర్ గారు దేవదూత అన్నారు. కావచ్చు. ఒక సహోదరుడు ఆత్మ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చప్పుడు వినిపించినప్పటికి ఆయన బతికే ఉన్నారు కదా! సేఫ్టీ ఆఫీసరు, ఎండకు పైపు వ్యాకోచించి మోగి ఉంటుందన్నాడు. లోహాలు అలా మోగుతాయి, నిజమే. సరిగ్గా మూడుసార్లు, పింగాణీ గొంతుతో మోగుతాయా?

తర్వాతి నెల మల్లేశం ఊరి నుంచి ఫోటో పంపాడు. రెండు చేతులతో కూతుర్ని తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ చేతుల మీద చిన్న మచ్చ కూడా లేదు. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. దాన్ని చూసి దేవునికి స్తోత్రం చెబుతాను, పెద్దసారును తలుచుకుంటాను. ఆ చప్పుడు మా యార్డుకు ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఫోటోనే తీసి చూపిస్తాను.