ఆమె కాలికి తగిన క్రాంకు

వీధి చివర సైకిల్ షాపు నడిపే మనిషిని అందరూ పొడుగు మేస్త్రీ అనేవారు. తన షాపు గుమ్మం తను దాటడానికే తల వంచాల్సినంత పొడుగు. మాటలో నిదానం ఉన్నా పనిలో మాత్రం మహా మొండి. బాగుచేసిన సైకిల్ ఎవరిదైనా సరే, తను ఎక్కి వీధి కొసదాకా తొక్కి చూసుకోనిదే చేతికిచ్చేవాడు కాదు. తన కాలికి నచ్చితే సైకిల్ బాగున్నట్టే. ఆ పద్ధతికి తిరుగులేదని నమ్మాడు పాపం.

ఆయన భార్య బట్టలు కుట్టేది. షాపు వెనక గదిలోనే ఆమె కుట్టుమిషన్. ఆయన భుజం కూడా అందని పొట్టి మనిషి. అయితేనేం, కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇల్లు కదల్లేని పెద్దవాళ్ల దగ్గరికి తనే వెళ్లి కొలతలు తీసుకునేది, కుట్టాక మళ్లీ తనే ఇచ్చి వచ్చేది. వెళ్లినచోటల్లా నాలుగు కబుర్లు చెప్పి, నాలుగు కబుర్లు మోసుకొచ్చేది. ఆ తిరుగుడంతా సైకిల్ మీదే.

ఆ సైకిల్ మేస్త్రీయే కట్టి ఇచ్చాడు. పెడల్‌ని ఇరుసుకు కలిపే ఇనుప కడ్డీ ఉంటుందే, దాన్ని క్రాంకు అంటారు. అది ఎంత పొడుగుంటే తొక్కడానికి అంత బలం కలిసొస్తుందని ఆయన లెక్క. వీధి దాటగానే ఎత్తు ఎక్కాలి, మనిషి ఆయాసపడకూడదు కదా అని షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగైన క్రాంకు ఏరి మరీ బిగించాడు. తను తొక్కి చూశాడు. హాయిగా ఉంది. ఆమె కోసం సీటు కిందికి దించి చేతికిచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు, అందులో అనుమానం లేదు.

కొన్నేళ్లకు ఆమెను మోకాళ్ల నొప్పి పట్టుకుంది. మేస్త్రీ చేతులు కట్టుకుని కూర్చోలేదు. బేరింగులు మార్చాడు, గొలుసు మార్చాడు, సీటు పైకెత్తుకుని మళ్లీ మళ్లీ తొక్కి చూశాడు. సైకిల్‌లో వంక పెట్టడానికేమీ లేదని తేల్చాడు. ఇక మిగిలింది ఆమె వయసే. దాని మీదికి నెట్టేశారు ఇద్దరూ. డాక్టరు మాత్రం మోకాళ్లు పెద్దగా అరగలేదనీ, ఏం చేస్తే నొప్పి వస్తోందో అది మానేసి చూడమనీ చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె మిషన్ తొక్కుతూనే, ఆదివారం చెల్లెలు వస్తుందనీ, సైకిల్ దానికిచ్చేస్తాననీ చెప్పింది. కొలతలు కావలసినవాళ్లు వేరే మనిషిని చూసుకుంటారంది. ఏడుపు గొంతుతో చెప్పినా బాగుండేది. చల్లగా చెప్పింది. ఇక ఈ మనిషి ఈ నాలుగు గోడల మధ్యే కూర్చుంటుందా అనుకున్నాడు మేస్త్రీ. తల దించుకున్నాడు.

తల దించితే కనిపించింది ఆమె కాళ్లే. మిషన్ చెక్క మీద పాదాలు ఆడుతూనే ఉన్నాయి.

పొద్దుటినుంచి తొక్కుతున్నావు, నొప్పి లేదా అని అడిగాడు. దీనికెందుకు నొప్పి, మోకాలు పైకి లేస్తేనా అందామె.

మేస్త్రీ లేచి వెళ్లి, సైకిల్ని గదిలోకి తెచ్చి స్టాండు వేసి ఆమెను ఎక్కమన్నాడు. ఒక చేత్తో సైకిల్ పట్టుకుని, రెండో చేత్తో పెడల్ పైకి తిప్పాడు. ఆ పొడుగు క్రాంకుకి ఆమె మోకాలు మడతపడి పొట్ట దాకా వచ్చింది. ఇన్నేళ్లుగా సైకిల్ మీద తను ఉన్నాడు, లేదా వెళ్లిపోతున్న ఆమె వీపును చూశాడు. తొక్కుతుండగా పక్కనుంచి ఒక్కనాడూ చూడలేదు.

"నొప్పి, నొప్పి అని ఇన్నాళ్లు మొత్తుకుంటే మీరేం చూశారండీ?" అందామె.

"సైకిల్ని చూశాను."

"మీ చొక్కా కొలతకి నేను జాకెట్టు కుట్టుకుంటే ఎట్లా ఉంటుందో, అట్లా చేశారు" అని ఆమె తన మెడలోని టేపు తీసి ఇచ్చింది.

ఆయన నేలమీద కూర్చుని తొడ మొదలునుంచి మడమదాకా ఆమె కాలు కొలిచాడు. వదులుగా పట్టుకున్నందుకు చీవాట్లు తిని మళ్లీ కొలిచాడు. వీధి మొత్తాన్ని కొలిచిన మనిషి, తననెవరైనా కొలవడం ఇదే మొదలని నవ్వింది. తర్వాత తన కాలు కొలుచుకున్నాడు. రెంటికీ ఉన్న తేడా చూస్తే ఆయనకు నవ్వు రాలేదు.

మర్నాడు గోడకు వేలాడుతున్న పిల్లల పాత సైకిల్ క్రాంకు విప్పాడు. పిల్లలదా అని ఆమె మూతి ముడిచింది. కాలికి తగిందే నీదంటూ ఆమె సైకిల్‌కి బిగించాడు. క్రాంకు పొట్టిదైతే కిందికి వచ్చిన పాదం మునుపటంత లోతుకు పోదు, అందుకని ఆమె సీటును ఆ మేరకు పైకెత్తాడు. పొట్టి క్రాంకుతో ఎత్తు ఎక్కడం బరువవుతుందని వెనక పళ్ల చక్రం పెద్దది వేశాడు. అంతా అయ్యాక అలవాటు కొద్దీ కాలెత్తబోయి ఆగిపోయాడు. సైకిల్ ఆమె చేతికిచ్చి వీధి పక్కన నిలబడ్డాడు.

ఆమె తొక్కుతూ ఆయన ముందునుంచి పోయింది. మోకాలు కొంచెమే లేచి దిగుతోంది. వీధి కొసన తిరిగి వస్తుందని చూశాడు. వచ్చింది, కానీ షాపు దగ్గర ఆగలేదు. బెల్లు కొట్టి, ఎత్తు వైపు వెళ్లిపోయింది. మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు.

నొప్పి ఒక్క పూటలో పోలేదు. రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. ఆదివారం చెల్లెలు వచ్చి సైకిల్ మీద చెయ్యి వేయగానే ఆమె ఆ చెయ్యి తీసేసింది.

"ఇది నా కాలిది. నీక్కావాలంటే మీ బావ ముందు నిలబడు" అని, టేపు ఆయన మెడలో వేసింది.