చెరి సగం జాబులు

ఉద్యోగ విరమణకు ఏడాది ముందు, ఒక ఎండాకాలంలో నన్ను అనంతపురం పంపించారు. ప్రభుత్వ పాత పత్రాల శాఖలో నా హోదా సీనియర్ మెండర్. అంటే చిరిగిన కాగితాలను అతికేవాడు. నా పైన అధికారులు చాలామంది ఉండేవారు, నా కింద మైదా జిగురు ఉండేది.

ఒకరోజు యాడికి అనే ఊరి దగ్గరి పల్లె నుంచి ఓబులేసు అనే రైతు ఒక గుడ్డమూట తెచ్చాడు. వాళ్ల పూర్వీకుడు సుంకన్న పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరల పటాలంలో సిపాయి. బర్మా యుద్ధానికి పోయి, పటాలం రాయసగాడి చేత ఇంటికి రాయించిన జాబులవి. మనిషి మాత్రం తిరిగి రాలేదు. ఓబులేసు అవ్వ నాగమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె మామ వాటిని చదివి వినిపించేవాడట. ఇప్పుడామె మంచం పట్టింది.

"పోయేలోపల ఒక తూరి అన్నీ ఇనాలంటాంది సార్," అన్నాడు.

విప్పి చూస్తే ప్రతి జాబూ సగమే ఉంది. చెదల పని కాదు, మధ్య మడత మీద కత్తి పెట్టి నిలువునా కోశారు. నాగమ్మ భర్త, ఆయన తమ్ముడు వేరుపడిన రోజు జరిగిన పని అది. మంచి జాబులు అవతలివాళ్లకు పోతాయేమోనని ఇద్దరికీ అనుమానం వస్తే, పెద్దమనుషులు ఒక్కో జాబునూ చెరి సగం చేసి లేచారు. ఎడమ సగాలు పెద్దింటికి, కుడి సగాలు చిన్నింటికి. ఆనాటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. పంపకంలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఒక జాబు చదవబోయాను. "నా ఆరోగ్యము" అన్నంతవరకు నా బల్ల మీద ఉంది. బాగుందా లేదా అన్నది చిన్నింట్లో ఉంది.

అతికే ముందు రెండంచులూ ఒకే బల్ల మీద ఉండాలన్నది మా పద్ధతి. అందుకని వాళ్ల పల్లెకు పోయాను. చిన్నింటి పెద్ద రంగప్ప, ఆ తమ్ముడి కొడుకు. నాకు మజ్జిగ ఇచ్చాడు, జాబులు ఇవ్వలేదు.

"మా సగం వాళ్ల గడప తొక్కేదిల్లేప్పా. వాళ్ల సగమే ఈడికి రానీ," అన్నాడు.

పెద్దింట్లోనూ ఇదే మాట విన్నాను, మజ్జిగతో సహా. అటూ ఇటూ తిరిగి తిరిగి చివరకు నాకు ఒళ్లు మండింది. ఆ ముసలామె పోయినాక నీ సగం ఎవరికి వినిపిస్తావయ్యా అని రంగప్పను గట్టిగానే అడిగాను. ఆయన ఎండిన చేను వైపు చూశాడు.

"బడి ఎవురిదీ గాదు గదా," అన్నాడు.

బడిలో బల్ల వేశాం. ఎడమవైపు పెద్దిల్లు, కుడివైపు చిన్నిల్లు నిలబడ్డాయి. నాగమ్మను మంచంతోనే మోసుకొచ్చారు. సిరా కరగదని తడి దూదితో చూసుకుని, అంచులు కలిపి, వెనక పల్చటి టిష్యూ కాగితం అంటించాను. ఆరేదాకా పైన బరువు పెట్టాలి. ఎవరి సగం మీద వాళ్లే రాయి పెట్టుకున్నారు. ఆ ఎండకు త్వరగానే ఆరాయి. కరువు మా వృత్తికి చేసే మేలు అదొక్కటే.

అప్పుడు చదివాను. సుంకన్న యుద్ధం గురించి పెద్దగా చెప్పలేదు. తాను క్షేమం, కాళ్లకు జలగలు పట్టాయి, అక్కడ వాన వదలడం లేదు. ప్రతి జాబు చివరా ఒకటే ప్రశ్న: "మన చేనికి వాన వచ్చినదా?" వాన అన్నంతవరకు పెద్దింటిది, మిగతాది చిన్నింటిది.

నాగమ్మ కళ్లు మూసుకుని అన్నీ వింది. ఆఖరి జాబు అయ్యాక ఆమే జవాబు చెప్పింది.

"రాలేదు నాయనా. ఈ యేడూ రాలే."

బల్లకు కుడివైపు నుంచి రంగప్ప నోరు విప్పాడు.

"మా చేనికీ రాలేదు, పెద్దమ్మా."

వేరుపడ్డాక ఆయన ఆమెను అలా పిలవడం అదే మొదటిసారని ఓబులేసు తరువాత చెప్పాడు.

ఇక జాబులు ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్న వచ్చింది. నేను ముందు నా కత్తి తీసి సంచిలో పెట్టేశాను. వంతులు వేసుకున్నారు. మొదటి వంతు నాగమ్మ ఉన్న ఇంటికే ఇమ్మన్నది రంగప్పే.

కాగితం అతకడం ఒక పూట పని. అంచులను ఒక బల్ల దగ్గరికి చేర్చడమే అసలు పనని అక్కడ తెలిసింది. మా శాఖలో దానికి హోదా లేదు.