చీనీ చెట్లకు పడిన శిక్ష

కోర్టు గేటు పక్కన బండివాడు చీనీకాయ, అదే బత్తాయి, తొక్క తీస్తుంటే ఆ ఘాటు వాసన నా గది కిటికీ దాకా వస్తుంది. వచ్చినప్పుడల్లా నాగేంద్రప్ప సారు గుర్తొస్తారు, ఆ వెంటనే నా మీద నాకే కోపం వస్తుంది. సారు పోయి ఏడాది దాటింది. కోపం మాత్రం తగ్గలేదు.

అనంతపురంలో ఆయన దగ్గర ఐదేళ్లు జూనియర్ వకీలుగా పనిచేశాను. పుస్తకాలు పేజీలకు పేజీలు రాసే శిక్షా సిద్ధాంతాలను ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేసేవారు. "కడుపుమంట చల్లారాలనా, నలుగురికీ భయం పుట్టాలనా, వాన్ని కొన్నాళ్లు కట్టేయాలనా, వాడు మారాలనా, పోయింది తిరిగి రావాలనా? ఏది కావాలో తేల్చుకోని అడగమ్మా. ఊరికే శిక్షెయ్యమని అడగొద్దు." నేను తల ఊపేదాన్ని. తల ఊపడం నాకు బాగా వచ్చు.

అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. రాప్తాడు దగ్గర ఓబులేసు అనే రైతు చీనీతోటలో బోరు మోటారు కేబులును సుంకన్న అనే కూలీ కోసుకుపోయి, రాగి కోసం కాల్చేశాడు. బోర్లలో మోటార్లు దించడమే అతని పని. దొరికిపోయాడు, తప్పు ఒప్పుకున్నాడు. అతని తరఫున సారు రాజీ పిటిషన్ వేశారు. వదిలితే సుంకన్న అన్నదమ్ములతో కలిసి కొత్త కేబులు తెచ్చి మోటారు ఆడిస్తాడు, అంతవరకు పక్క పొలం బోరు నుంచి బిందెలతో మోసి చెట్లు తడుపుతాడు. ఓబులేసు కూడా సంతకం పెట్టాడు. మేజిస్ట్రేటు అనుమతి ఒక్కటే మిగిలింది.

నేను లేచి అడ్డుపడ్డాను. కేబుళ్ల దొంగతనాలు పెరిగాయని, ఇలా వదిలేస్తే చట్టమంటే భయం పోతుందని, ఇతన్ని చూసి పదిమంది వణకాలని రెండు రోజులు సాధన చేసిన ఉపన్యాసం దంచాను. ఓబులేసు చేతులు కట్టుకొని నా వైపు చూశాడు. "వాన్ని లోపలేస్తే నా చెట్లకు నీళ్లెవరు పోస్తారు మేడం?"

పిటిషన్ కొట్టేశారు, ఆరు నెలలు శిక్ష పడింది. వరండాలో తోటివాళ్లు మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వాను.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం సారు ఫోన్ చేశారు. "రామ్మా, నువ్వు ఏయించిన శిక్ష ఎట్లుండాదో చూసొద్దాం."

వాన రాలేదు. తోటలో ఎండిన చెట్లను నరికి, కట్టెలుగా ట్రాక్టరుకు ఎత్తుతున్నారు. కొత్త కేబులుకు డబ్బు పుట్టక, మొగుడూ పెళ్లాం మోయగలిగినన్ని బిందెలు మోశారట, సరిపోలేదు. ఓబులేసు నన్ను తిట్టలేదు. ఆయన భార్య చివరి కాయలు రెండు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పన్నెండేండ్లు సాకినామమ్మా" అంది. ఒలిచి చూస్తే వాసన ఉంది, రసం లేదు.

విడుదలయ్యాక సుంకన్న సారుకు దండం పెట్టడానికి ఆయన ఆఫీసుకు వచ్చాడు. సారు నన్నూ పిలిపించారు.

"జైల్లో ఏం పని చేసినావప్పా?"

"తోటపనే సార్. పూలచెట్లకు దినామూ రెండు పూటలా నీళ్లు పోస్తాంటి."

సారు నా వైపు తిరిగారు. "విన్నావు కదా" అన్నారు, అంతే.

ఇంత వెర్రితనానికి న్యాయమని పేరు పెట్టుకున్నాం. నీళ్లు పోసే చేతులున్నాయి, తడవాల్సిన చెట్లున్నాయి, మధ్యలో నల్లకోటు వేసుకొని నేను నిలబడ్డాను. టీవీలో కఠినంగా శిక్షించాలని గొంతు చించుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. వాళ్లలో ఒక్కరైనా నష్టపోయినవాడి గడప తొక్కి ఉంటారా? నేను తొక్కానా?

ఇప్పుడు ఏ కేసు వచ్చినా ముందు నష్టపోయినవాళ్లను కూర్చోబెట్టి, మీకేం కావాలని అడుగుతాను. చెప్పింది వాళ్ల మాటల్లోనే మొదటి కాగితం మీద రాస్తాను. ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. కొందరు వాడు జైల్లో కుళ్లాలంటారు, అదీ రాస్తాను. ఓబులేసు ఫైలులో మాత్రం ఆ కాగితం లేదు. ఆయనను నేను అడగలేదు. ఆయనే నిండు కోర్టులో చెప్పాడు, నేను రాసుకోలేదు.