ముదిరిన బీరకాయలు

మౌలాలి గుట్ట దిగువన పెరట్లో కూరగాయలు పండించి సికింద్రాబాదులో అమ్ముకునే నర్సవ్వకు, బీరకాయ ముదిరితే ఒళ్లు మండుతుంది. తన పందిరే కాదు, పక్కింటి జైనబీ పందిరీ ఆమె కాపలాలోదే. పొద్దున్నే గోటితో కాయ నొక్కి చూసి, వాడంతా వినబడేలా తిడుతుంది. మెల్లగా మాట్లాడటం ఆమెకు చేతకాదు.

పోలీసు చర్య జరిగిన వారానికి, జైనబీ పందిరి నిండా కాయలు పీచుకట్టి వేలాడుతున్నాయి. "ఏందే, చేతులు పడిపోయినయా?" అంటూ గంపతో దూసుకొచ్చిన నర్సవ్వ, తీగల కింద రెండు కాళ్లు చూసి ఆగిపోయింది. అవి, రజాకార్లంటూ సైన్యం ఇల్లిల్లూ వెతుకుతోందని భయపడి దాక్కున్న జైనబీ మొగుడు ఖాసింవి. అంతలోనే జవాన్లు దడి తోసుకుని వచ్చారు. ఒకడు తుపాకీ మొనతో తీగ ఎత్తబోయాడు. నర్సవ్వ గంపను ఆ కాళ్లకు అడ్డం పెట్టి, "బీజ్ కా హై! జూతే నక్కో!" అని అరిచి, ముదిరిన కాయను కళ్లకద్దుకుంది. విత్తనానికి విడిచిన కాయల కిందికి చెప్పులతో పోకూడదని ఎరిగిన ఇంటివాడేమో, జవాను తన బూట్లు చూసుకుని వెనక్కి తగ్గాడు. వాళ్లు సందు మలుపు తిరిగాక నర్సవ్వ గంప తీస్తున్నట్టు వంగి, బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసగా అంది:

"కాళ్లు లోపటికి గుంజుకో బిడ్డా. కనబడుతున్నయ్."