ఆయాసం లేని రోజు కూడా

2006. హైటెక్ సిటీకి వెళ్లే కంపెనీ క్యాబ్‌లతో జూబ్లీ హిల్స్ రోడ్లు పొద్దున్నే నిండిపోతున్న రోజులు. అక్కడ ఒక ఛాతీ వైద్యుడి క్లినిక్‌లో నేను నర్సును. ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ చేయడం, ఇన్‌హేలర్ వాడకం నేర్పడం నా పని.

మా దగ్గరికి వచ్చే యాదగిరి ఫిల్మ్‌నగర్‌లో పాటల చిత్రీకరణకు పొగ వేసేవాడు. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, అట్టముక్కతో విసిరి, ఇరవై ఏళ్లుగా తెర మీదికి మబ్బులు పంపాడు. ఆ పొగా, బీడీలూ కలిసి సీఓపీడీ తెచ్చాయి. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు అది. డాక్టర్‌గారు రోజంతా పనిచేసే బ్రాంకోడైలేటర్ రాశారు. ఇన్‌హేలర్‌లో క్యాప్సూల్ పెట్టి రోజుకొకసారి పీలిస్తే గొట్టాలను తెరిచి ఉంచుతుంది.

నెల తర్వాత వచ్చినప్పుడు మెట్లెక్కి మాట్లాడలేకపోయాడు. మందు పనిచేయలేదని డాక్టర్‌గారు మార్చబోయారు. "పది నిమిషాలివ్వండి సార్" అని అతన్ని నా గదికి తీసుకెళ్లాను.

డబ్బా విప్పిస్తే ముప్పైలో ఇరవై రెండు క్యాప్సూళ్లు అలాగే ఉన్నాయి.

"దమ్ము మరీ ఎక్కువైనప్పుడే పీలుస్తున్న సిస్టర్. అది గూడ జనరేటర్ బండి ఎనక్కి వోయి. మందిల తీస్తే రోగమున్నదని రేపటి సంది పనికి పిలువరు."

పీల్చడం నేర్పాను గానీ, ఎప్పుడో ఎందుకో అర్థమయ్యేలా చెప్పలేదు. తప్పు నాదే.

"ఇది ఆయాసం రాకుండా చూసే మందు. ఆయాసం లేని రోజు కూడా, పొద్దున్నే ఇంట్లో పీల్చండి. సెట్‌కు తీసుకెళ్లే పనే లేదు."

"అంటే ఎవ్వరికీ కనవడదా?"

"కనపడదు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ వేరే ఉంది, అది మాత్రం జేబులో ఉండాలి. బీడీ మానాలి. పొగ దగ్గర నిలబడకూడదు."

"పొగ లేకుంటే నాకు పనేడుంటది?" అంటూనే క్యాప్సూళ్ల డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

రెండు నెలలకు మళ్లీ వచ్చాడు. స్పైరోమెట్రీ అంకె కొంచెమే పెరిగింది. పోయిన ఊపిరి పూర్తిగా తిరిగిరాదు. కానీ అతని ముఖం వెలిగిపోతోంది.

"కృష్ణానగర్ నుంచి ఈ గుట్ట నడుసుకుంట ఎక్కొచ్చిన సిస్టర్. ఏడా ఆగలే."

షూటింగ్ మేనేజర్‌కు తన జబ్బు సంగతి తనే చెప్పేశాడట. ఇప్పుడు మైకు పట్టుకుని పొగకు దూరంగా కెమెరా పక్కన నిలబడి, పొగ ఎటు తోలాలో ఇద్దరు మనుషులకు చెబుతున్నాడు.

ఆ రోజే డాక్టర్‌గారు అందరి ముందూ అన్నారు: "ఇకనుంచి ఇన్‌హేలర్ ఎవరికి రాసినా, ముందు సిస్టర్‌తో కూర్చోవాలి."

అప్పటినుంచి "మందు వాడుతున్నారా?" అని అడగడం మానేశాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు వాడుతున్నారని అడుగుతాను. నా తర్వాత వచ్చిన నర్సులందరికీ అదే నేర్పాను.