తొలి మేత వేళ

మా అత్తగారు గత బుధవారం తెల్లవారుజామున గుడివాడ ఆసుపత్రిలో కన్నుమూశారు. ముదినేపల్లిలో మా పెరటి హేచరీ తొట్లలో అప్పటికి బొచ్చె చేపపిల్లలు గుడ్లలోంచి బయటపడి ఒక్క రోజే అయింది.

అప్పుడే పుట్టిన చేపపిల్లను మీలో చాలామంది చూసి ఉండరు. కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. పొట్టకింద తెచ్చుకున్న సొన కరిగి, నోరు తెరుచుకునేదాకా దానికి బయటి మేత అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి నాకు తెలిసేలోపు రెండు బ్యాచ్‌లు పోయాయి.

హేచరీ పెట్టిన ఏడాది వానాకాలంలో జరిగిందది. ట్రైనింగులో చెప్పిందంతా నోటుబుక్కులో ఎక్కించాను. మూడో రోజు ఉదయం ఆరింటికల్లా ఉడికిన పచ్చసొన వడగట్టి పోసేదాన్ని. ఒక్క నిమిషం తేడా రానివ్వలేదు. అయినా పిల్లలు చచ్చి అడుగున పేరుకున్నాయి. ఇంకో బ్యాచ్ పోతే తొట్లు పగలగొట్టించేస్తానన్నారు మా వారు.

మూడో బ్యాచ్‌కి అత్తగారు కొన్ని పిల్లల్ని గాజుగ్లాసులోకి తీసి వెలుగుకు పట్టి చూశారు.

“వీటికింకా నోరే రాలేదు. ఎవరికి వడ్డిద్దామనమ్మాయ్?”

“మూడో రోజండీ అత్తయ్యా. పుస్తకంలో ఉంది.”

“అయితే పుస్తకానికే తినిపించు.”

ముసురుకి నీళ్లు చల్లబడి పిల్లల ఎదుగుదల ఆలస్యమైంది. అవి తినలేని మేత కుళ్లి, ఆ నీళ్లే వాటిని చంపుతున్నాయి. సాయంత్రం నోళ్లు తెరుచుకునేదాకా నన్ను మేత పోయనివ్వలేదావిడ. ఆ బ్యాచ్ బతికింది.

తర్వాత్తర్వాత “నా కళ్లు ఆనట్లేదు, నువ్వే చూసి చెప్పు” అనేవారు. అదే మనిషి మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కించుకునేవారు. నేను తప్పు చెబితే “ఇంకోసారి చూడు” అనేవారు, అంతే. ఆవిడ నాకు పని నేర్పుతున్నారని చాలా ఆలస్యంగా తెలిసింది.

శుక్రవారం ఉదయం చూస్తే పిల్లలకు నోళ్లు తెరుచుకున్నాయి. మైల ఇంట్లో గుడ్డు ఉడకకూడదు. పక్కింటివాళ్లను గుడ్లు అడిగి తెచ్చి, షెడ్డు బయట ఇటుకల మీద గిన్నె పెట్టాను. అత్తగారి పెద్దకూతురు, మా వదిన, వచ్చి చూశారు.

“అమ్మ పోయి రెండ్రోజులే. అప్పుడే గుడ్లు పెట్టావా పొయ్యి మీద?”

“ఈ పూట దాటితే ఇవి బతకవు వదినా. అత్తయ్యగారుంటే నాకంటే ముందే పొయ్యి వెలిగించేవారు.”

“ఊళ్లో వాళ్లేమనుకుంటారు?”

“అనుకోనివ్వండి. అడిగితే నా పేరు చెప్పండి.”

నేను సొన వడగట్టబోతుంటే వదిన వచ్చి గుడ్డ రెండో కొస పట్టుకున్నారు.

గంట తర్వాత ఇద్దరం తొట్టి మీదికి వంగాం. మా నీడలు పడినచోటు నుంచి పిల్లలు వెలుగువైపు జరిగాయి. గాజులాంటి ఆ ఒంట్లో, ప్రతిదాని పొట్టలోనూ ఒక పసుపు చుక్క.