ఫెయిలైన బాదం బిస్కట్లు

మా అంతోనమ్మ టీచరు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క పిల్లవాణ్ణి కూడా ఫెయిల్ చెయ్యలేదు. ఆవిడ ఫెయిల్ చేసిందల్లా బిస్కట్లని.

నమ్మరు కదూ! తిరువూరులో ఆవిడ పక్క వాటాలో నాలుగేళ్ళు కాపురం ఉన్నదాన్ని, ఆవిడ స్కూల్లోనే లెక్కలు చెప్పినదాన్ని, నేనెందుకు అబద్ధమాడతాను? ఆదివారం చర్చి నుంచి రావడమే ఆలస్యం, కొంగు బిగించి బిస్కట్లకి పరీక్ష పెట్టేది. అవీ మామూలువి కాదు, ఇటలీవాళ్ళు చేసుకునే బాదం, వెన్న బిస్కట్లు. ట్రైనింగు చదివే రోజుల్లో కాన్వెంటు వంటింట్లో సిస్టర్ రోజాల్బా దగ్గర నేర్చుకుందట.

"మీ ఊళ్ళో ఓవెన్ లేదుగా అంతోనమ్మా, ఇవి కుదరవు. పగిలిపోతాయి" అందట సిస్టర్.

కుదరదన్న మాట ఆవిడ చెవిన పడకూడదు. "మీరు మీ దేశం వెళ్ళేలోగా పగులు లేనివి పన్నెండు మీ చేతిలో పెడతాను. పెట్టకపోతే నా పేరు మార్చేయండి!" అనేసి వచ్చింది.

ఊరు మొత్తానికి ఆదిశేషయ్యగారి కొట్లో బాదంపప్పు అదేపనిగా కొనేది ఈవిడొక్కతే.

"వేరుశనగపప్పు వేసి కానివ్వండి టీచరుగారూ, ఎవరు చూడొచ్చారు?" అన్నాడాయన ఒకసారి.

"నేను చూస్తాగా!"

"నాలిక్కి తేడా తెలీదండీ."

"మీ నాలిక సంగతి నాకెందుకండీ? తూచండి!"

ఇక ఓవెన్ అంటారా, ఒక ఇత్తడి గుండిగ. అడుగున ఇసుక, ఇసుక మీద బిస్కట్ల పళ్ళెం, మూత మీద బొగ్గుల నిప్పులు. గడియారం పనికిరాదు. జపమాల ఒక చుట్టు తిరిగితే బిస్కటు కాలినట్టు లెక్క. మధ్యలో "కాస్త మజ్జిగ తోడు ఉందాండీ?" అని నేను వెళ్ళానో, అయిపోయానే!

"శివపార్వతీ! నలభయ్యో పూసలో ఉన్నానా, నలభై ఒకటా? మాడితే నీదే బాధ్యత!"

కాలాక పళ్ళెం చల్లార్చి లోపలికి పట్టుకుపోయి తలుపు దగ్గరగా వేసేది. పేపర్లు దిద్దేటప్పుడు ఎవరూ చూడకూడదట. కాసేపటికి బయటికొచ్చి, "అన్నీ ఫెయిలే! పట్టుకుపోండి, పారబోసేవే!" అని అరిచేది. పళ్ళెం నిండా ముక్కలు. పైన దోరగా, విరిగినచోట తెల్లగా, నోట్లో వేస్తే కరిగిపోయేవి. ఇవి ఫెయిలైతే పాసైనవి ఇంకెలా ఉంటాయో అనుకునేదాన్ని.

వీధిలో పిల్లలంతా ఆ ముక్కలు తిని పెరిగినవాళ్ళే. ఎదురింటి హనుమాయమ్మగారికి మడి ఎక్కువ. మనవల్ని ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్ళు తాగనిచ్చేది కాదు. ఆవిడ కూడా "పారబోసేవేగా" అని తనే గిన్నె పంపేది.

బొగ్గులు తెచ్చే లాజరుకి మహా రోషం. ఆదిశేషయ్యగారు చొక్కా ఇస్తే మడత విప్పకుండా తిరిగిచ్చేశాడు. "ఊరికే వచ్చేది నా గుమ్మం తొక్కదండీ" అన్నాడు. అలాంటివాడు ఈ ముక్కలు మాత్రం, "చెత్తేగా అండీ, నే పారేత్తాలెండి" అని మూటగట్టుకుపోయేవాడు. కాన్పు తర్వాత మంచం పట్టిన అతని భార్య పుల్లమ్మకి ఏం పెట్టినా ఇమడటం లేదనీ, పాలలో నానేసిన ఆ ముక్కలొక్కటే ఇముడుతున్నాయనీ వీధిలో అందరికీ తెలుసు.

డెబ్భై ఆరులో సిస్టర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. స్వదేశం వెళ్ళిపోతోందట, మళ్ళీ రాదట. గురువారం సాయంత్రం బస్సుకి తిరువూరు దిగి, మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోతుందట.

ఎన్నడూ సెలవు పెట్టని మనిషి ఆ రోజు పెట్టింది. నన్ను కూడా పెట్టమని పీకమీద కూర్చుంది. మధ్యాహ్నానికి పళ్ళెం నా ముక్కు కింద పెట్టి, "చూడు! పన్నెండూ పాసే!" అంది. ఒక్కదానిమీదా గీత లేదు. రేకు డబ్బాలో పెట్టి, "ముట్టుకుంటే చెయ్యి విరుగుద్ది" అని నన్ను బెదిరించింది కూడా.

అప్పుడొచ్చాడు లాజరు. నెత్తిన బొగ్గుల గంప లేదు.

"టీచరమ్మా, ఇయ్యాల ఫెయిలైనయ్యి ఏమన్నా ఉన్నాయాండీ?" అన్నాడు నేలచూపులు చూస్తూ. "దానికి రెండ్రోజుల్నించీ ఏదీ ఇమడట్లేదు."

ఏనాడూ నోరు తెరిచి అడిగినవాడు కాదు. నా ప్రాణం ఉసూరుమంది. "నాలుగు ఇచ్చేద్దురూ" అన్నాను ఆవిడ చెవిలో.

"నిక్షేపంలాంటివి ఇస్తే పుచ్చుకుంటాడా వాడు?" అని కసిరి, డబ్బా తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. టుక్కు, టుక్కుమని చప్పుడు. ఆ వెంటనే కేక.

"అన్నీ ఫెయిలే లాజరూ! ఎదురుగా ఉంటే ఒళ్ళు మండిపోతోంది, పట్టుకుపో!"

సాయంత్రం సిస్టర్ కర్ర పోటేసుకుంటూ బస్సు దిగింది. ఇంటికొచ్చి కూర్చోగానే, "ఏవీ నా పన్నెండు?" అంది.

"లేవు సిస్టర్. ఫెయిలయ్యాయి" అంది అంతోనమ్మగారు, తల పిసరంత కూడా దించకుండా. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే నొక్కేసింది.

సిస్టర్ డబ్బా మూత తీసింది. అడుగున ఒక్క ముక్క మిగిలి ఉంది. కళ్ళజోడు సర్దుకుని దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"అంతోనమ్మా, పొయ్యిలో పగిలితే పగుల్లోపల కూడా ఎర్రబడుతుంది. ఇది తెల్లగా ఉందేం? చల్లారాక చేత్తో విరిచావు!"

"నా బిస్కట్లు, నా ఇష్టం."

నాకు దిమ్మ తిరిగిపోయింది. నాలుగేళ్ళుగా నేను తిన్న ముక్కలన్నీ విరిగినచోట తెల్లగానే ఉన్నాయి! ఒక్కటీ ఎర్రగా లేదు!

"ఎన్నేళ్ళ నుంచి పాసవుతున్నాయండీ ఇవి?" అని నిలదీశాను.

"లెక్కల టీచరువిగా, నువ్వే లెక్కేసుకో. కొట్టు మూసేలోపు వెళ్ళి బాదంపప్పు పట్రా! పేరు మార్చుకునే ఓపిక నాకు లేదు."

తెల్లవారేసరికి మళ్ళీ పన్నెండు తయారు. డబ్బా సిస్టర్ ఒళ్ళో పెట్టి, బస్సెక్కించి, అంతోనమ్మగారు గర్వంగా నడుంమీద చేతులేసుకుని నిలబడింది. సిస్టర్ ఒక్కటి కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, "పాసు" అంది. తర్వాత ఏదో సర్దుకుంటున్నట్టు డబ్బా మీదికి వంగింది. కాసేపటికి కిటికీలోంచి నా చేతిలో ఒక పొట్లం పెట్టింది.

"ఇవి లాజరుకిచ్చెయ్. బస్సు కుదుపులకి విరిగిపోయాయని చెప్పు" అంది.

అప్పటికి బస్సు ఇంకా స్టార్టే అవలేదు.